రా అన్నది నన్ను కాదు

మా బామ్మర్ది చిటికె నలుగురు కూర్చున్న చోటల్లా ఒకటే పాట పాడుతున్నాడు. "ఆ రోజు నేను అరవబట్టి నాన్న చెయ్యి దక్కింది. లేకపోతే బావ టైరు కింద వేసి తొక్కించేసేవాడు." మా ఆవిడ ఆ మాట వింటుంది, నా వంక చూడదు. మామయ్య విని తలూపుతాడు. విన్న వాళ్ళు నన్ను చూసి, పాపం పెద్దాయన, అంటారు. పాపం ఆయనట, నేను కాదట.

ఎన్నాళ్ళని నోరు మూసుకుంటాను? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీండి, మాటలో వంకర లేదు. నా తప్పు కూడా రాస్తాను. వాడు తన తప్పు ఎలాగూ చెప్పడు కనక, కనీసం నాదైనా సరిగ్గా ఉండాలి.

చిటికె అన్నది వాడికి ఊరు పెట్టిన పేరు. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అంటాడు. అంటాడు గానీ ఆ చిటికె వేసేది మాత్రం ఎప్పుడో ఎవరికీ తెలియదు. వాడూ నేనూ కలిసి పాత నీళ్ళ ట్యాంకరు లారీ ఒకటి కొన్నాం. నేను బండి నడుపుతాను, వాడు ఫోను నడుపుతాడు. ఎవరి ఇంట్లో నీళ్ళు అయిపోయాయో, ఎవరికి ఎప్పుడు కావాలో మాట్లాడుకోవడం వాడి పని. ఆ బేరాల్లో పడితే వాడికి పక్కన పిడుగు పడ్డా వినపడదు.

ఆ బండికి మూడు జబ్బులు ఉండేవి. మొదటిది, హ్యాండ్ బ్రేకు పట్టదు. లాగితే ఊడబోయే పన్నులా చేతిలోకి వచ్చేస్తుంది, ఆపడం మాత్రం ఆపదు. రెండోది, కాలి బ్రేకు. తొక్కగానే బండి ఆగుతుంది, కానీ తొక్కి పట్టుకుని ఉంటే పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంది. ఇంకోసారి కాలెత్తి తొక్కితే మళ్ళీ గట్టిపడుతుంది. మూడోది, ఎడమ వైపు అద్దం. నెల కిందట ఒక గోడకి తగిలి విరిగితే తీగతో కట్టాం. అందులో ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదు.

నేను మూడుసార్లు చెప్పాను. "ఒరేయ్, బండిని రెండు రోజులు మెకానిక్ దగ్గర పడేద్దాం" అని. "చిటికెలో చేయిద్దాం బావా, ఈ వారం ఆర్డర్లు అయిపోనివ్వండి" అన్నాడు. వారం మీద వారం వచ్చింది. నాలుగోసారి నేను చెప్పలేదు. తెలిసి తెలిసి తాళం తిప్పి బండి రోడ్డు మీదికి తీసింది నేనే. ఇది మొదటి తప్పు, నాది.

రెండో తప్పు కూడా నాదే. స్టీరింగు పట్టిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్ద డ్రైవరు ఒకటే మాట అనేవాడు: బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి నడువు, నీ కళ్ళతో చూడు, ఆ తర్వాత ఎక్కు. ఇరవై రెండేళ్ళు నడిచాను. ట్యాంకరు కొన్నాక, చిటికె కిందనుంచి "బావా, టైమ్ బావా" అని తరుముతుంటే మానేశాను. చుట్టూ నడవడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం మిగిల్చి నేనేం మూటగట్టుకున్నానో చివర్లో చెబుతాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే అసలు కథ అర్థం కాదు. చిటికె నన్ను మీరు అంటాడు. నా పెళ్ళినాటికి వాడికి తొమ్మిదేళ్ళు. పెళ్ళైన మూడో రోజున అందరి ముందూ వచ్చి "బావా, రా, బంతాడుకుందాం" అన్నాడు. నేను కొత్త అల్లుణ్ణి. మూతి మూడు వంకర్లు తిప్పి అన్నం దగ్గర్నుంచి లేచిపోయాను. మామయ్య వాడి వీపు మీద ఒక్కటి వేసి "బావగారిని రండి అనాలిరా" అని నేర్పాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడి మీద అలిగానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి వాడి నోట నా గురించి రా అన్న మాట వినలేదు. మా పనిలో బండి వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడ్డ వాళ్ళు డ్రైవరు ఎంత పెద్దవాడైనా "రా, రా, రానీ" అనే అరుస్తారు. చిటికె మాత్రం "రానివ్వండి బావా, రానివ్వండి" అంటాడు. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళు. "మీ వాడు బండి వెనక్కి తీయిస్తున్నాడా, పెళ్ళివారిని పందిట్లోకి పిలుస్తున్నాడా?" అని.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకి ఒక అపార్టుమెంటుకి నీళ్ళు తీసుకెళ్ళాం. రోడ్డు మీద నుంచి కిందికి వాలుగా దిగే సందు. ఆ సందు చివర గేటు, గేటు లోపల నీళ్ళ తొట్టి. బండి వెనక్కి దిగాలి. ఇంట్లో ఊసుపోక మామయ్య కూడా మాతో వచ్చి కేబిన్లో మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఆయనకి చెవుడు. గట్టిగా అరిస్తే సగం వినపడుతుంది, ఆ సగం కూడా ఆయనకి నచ్చిన సగమే.

బాల్కనీల్లో జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని నిలబడ్డారు. కింద వాచ్‌మన్ చేతులు ఊపుతున్నాడు.

"ఇప్పుడా రావడం? పైవాళ్ళు నన్ను కొరుక్కు తింటున్నారు!"

"వచ్చేశాం కదయ్యా, చిటికెలో నింపేస్తాం" అని మా వాడు దూకాడు. వాడి వెనకే అటునుంచి మామయ్య కూడా దిగాడు. ఎక్కడికి వెళ్ళాడో నేను చూడలేదు. గేటు దగ్గర నీడలో నిలబడి ఉంటాడనుకున్నాను. ఈ "అనుకున్నాను" అన్న మాట డ్రైవరు నోట రాకూడదు.

రివర్సు గేరు వేశాను. నా వైపు అద్దంలో చిటికె కనపడుతున్నాడు. ఎడమ చేత్తో ఫోను చెవికి ఆనించుకున్నాడు, కుడిచేత్తో నన్ను పిలుస్తున్నాడు.

"రానివ్వండి బావా, రానివ్వండి. ఆఁ, మీకు కాదండీ, మా బావకి చెబుతున్నా. మీ దగ్గరికి పన్నెండున్నరకల్లా వచ్చేస్తాం. రానివ్వండి, రానివ్వండి."

ఏది నాకో, ఏది ఫోనుకో ఏరుకుంటూ అంగుళం అంగుళం దింపుతున్నాను. నిండు ట్యాంకు. వాలులో బండి తనంత తానే దిగుతోంది, నేను బ్రేకు మీద పట్టీపట్టనట్టు కాలు ఆనించి ఉంచాను.

ఉన్నట్టుండి "రా!" అన్నాడు.

ముందు నాకు అర్థం కాలేదు. చోటు బాగా ఉంది, రమ్మంటున్నాడేమో అనుకున్నాను. నా కాలు ఇంకొంచెం తేలికైంది. బండి ఇంకొంచెం దిగింది. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

"రా! రా అంటే వినపడదా? ఇటు రా!"

ఈసారి గొంతు పగిలేలా అరిచాడు. బాల్కనీల్లో జనం ఉన్నారు. వాచ్‌మన్ ఉన్నాడు. ఇంతమందిలో నన్ను పట్టుకుని, నా చేతుల మీద పెరిగిన కుర్రాడు, రా అంటే వినపడదా అంటాడా? అరికాలి మంట నెత్తికెక్కిందంటారు. నాకు తిరగబడింది. నెత్తిన పుట్టిన మంట నేరుగా అరికాల్లోకి దిగింది. దిగి వాడి చెంప పగలగొడదామని బ్రేకు మీద ధన్‌మని తొక్కాను.

బండి ఆగింది. లోపల నీళ్ళు వెనక్కి ఒకసారి, ముందుకి ఒకసారి కొట్టుకున్నాయి. బండి మొత్తం ఊగింది.

తల బయటికి పెట్టి "ఎవర్నిరా రా అంటున్నావు?" అని అరిచాను.

"మిమ్మల్ని కాదు బావా! నాన్నని! నాన్న టైరు దగ్గరున్నాడు!"

వాడి చేతిలో ఫోను లేదు. ఎక్కడో పడేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "తగిలిందా?"

"లేదు. పైపు... పైపు చేతికి చుట్టుకుంది. టైరు పైపు మీదుంది. చెయ్యి రావడం లేదు బావా!"

జరిగిందేమిటంటే, వెనక కట్టిన గుడ్డ పైపు తాడు ఊడి నేల మీద ఈడ్చుకుపోతోంది. కొత్త పైపు టైరు కింద నలిగిపోతుందని మామయ్య కనిపెట్టాడు. మాకు చెప్పకుండా ఎడమ వైపు వెనక టైరు దగ్గర చతికిలబడి, ముంజేతికి రెండు చుట్లు వేసుకుని లాగుతున్నాడు. ఇంతలో టైరు వచ్చి పైపు మీదెక్కింది. చుట్లు బిగుసుకున్నాయి. చెయ్యి టైరుకి జానెడు దూరంలో ఇరుక్కుంది.

"బావా, చిటికెలో ముందుకి లాగేయండి!"

"నోరు ముయ్యి. ముందుకి లాగాలంటే బ్రేకు మీద కాలు తీసి యాక్సిలేటరు మీద వెయ్యాలి. ఆ లోపల బండి జానెడు వెనక్కి వస్తుంది. హ్యాండ్ బ్రేకు ఉందా మనకి?"

వాడు టైరు దగ్గరికి పరిగెత్తాడు.

ఇంజిను ఆపి గేరులో వదిలినా అంతే. గేరు పట్టుకునే లోపల బండి ఒకసారి వెనక్కి కూలబడుతుంది. ఏ దారిన పోయినా ఆ జానెడు అడుగుతోంది. ఆ జానెడులో మామయ్య చెయ్యి ఉంది.

అప్పుడు నా కాలి కింద పెడల్ కదిలింది.

వెంట్రుకవాసి కదిలింది, అంతే. కానీ ఆ కదలడం నాకు తెలుసు. రోజూ సిగ్నళ్ళ దగ్గర అలాగే దిగేది. అక్కడైతే కాలెత్తి ఇంకోసారి తొక్కేవాణ్ణి. ఇక్కడ కాలెత్తేది ఎలా?

"వాచ్‌మన్! నా వైపు టైరు వెనక రాయి వెయ్యి! పెద్ద రాయి!"

మా బండికి రెండు చెక్క దిమ్మెలు ఉండాలి. వాలులో ఆపితే టైరు కింద పెట్టడానికి. అవి అంతకు ముందు నీళ్ళు పోసిన చోట పెట్టి, తొందరలో అక్కడే వదిలేసి వచ్చాడు చిటికె. వాచ్‌మన్ అటూ ఇటూ పరిగెత్తి పూలమొక్కల గట్టు నుంచి ఒక ఇటుక పీకి తెచ్చాడు.

"రాయి లేదయ్యా, ఇదే ఉంది!"

"పెట్టు! పెట్టి చెయ్యి తీసెయ్యి!"

పెట్టాడు. పెడల్ ఇంకాస్త దిగింది. టైరు ఇటుకని ఆనుకుంది. ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది. తర్వాత అప్పడం నలిగినట్టు చప్పుడైంది. వాచ్‌మన్ "అమ్మో, పిండి అయిపోయింది" అన్నాడు.

"ఎంత జరిగింది?" అని అరిచాను.

"బెత్తెడు బావా! ఇంకో బెత్తెడే ఉంది!" చిటికె ఏడుస్తున్నాడు. "నాన్నా, చెయ్యి లాక్కో, లాక్కో!"

"ఇటుకలు పెడుతూనే ఉండు, వాచ్‌మన్. రెండేసి పెట్టు. చిటికే, నువ్విటు రా. కేబిన్లో సీటు కింద హాక్సా బ్లేడు ఉంది. పైపు కొయ్యి."

వాడు ఎక్కాడు. సీటు కింద చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు. స్పానరు తీశాడు, గుడ్డ పీలికలు తీశాడు. పెడల్ సగం దిగింది. నా పిక్క గట్టిగా రాయైపోయింది, తొడ దానంతట అదే అదురుతోంది. చెమట కళ్ళలో పడుతుంటే తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఒళ్ళు కదులుతుంది, ఒళ్ళు కదిలితే కాలు కదులుతుంది.

"కనపడటం లేదు బావా!"

"తొందరపడకు. ఎడమ మూల, నూనె డబ్బా వెనకాల." ఎంత నిదానంగా చెప్పానో నాకే ఆశ్చర్యం. "నెమ్మదిగా తియ్యి."

జీవితంలో వాణ్ణి నెమ్మదిగా చెయ్యమని నేను బతిమాలింది, వాడు విన్నది ఆ ఒక్కసారే. బ్లేడు దొరికింది. వెనక్కి పరిగెత్తాడు.

ఇక నాకు కనపడేది లేదు. ఎడమ అద్దంలో తెల్లటి మబ్బు ఒకటి హాయిగా పోతోంది. వెనకనుంచి మాటలు మాత్రం వినపడుతున్నాయి.

"కొయ్యకురా! కొత్త పైపు!" మామయ్య గొంతు. "తొమ్మిది రోజులు కాలేదు కొని!"

"చెయ్యి పోతుంది నాన్నా!"

"ఆఁ? ఏం పోతుంది?"

"నీ చెయ్యి!"

"చెయ్యి బానే ఉంది! కాస్త బిగుసుకుంది, అంతే. అల్లుణ్ణి ముందుకి లాగమను. ఆయనకి ప్రతిదానికీ నాన్చుడే!"

నేను నవ్వానో ఏడ్చానో చెప్పలేను. పెడల్ ముప్పావు వంతు దిగింది. ఇటుకలు ఒకటొకటిగా నలుగుతున్నాయి. ప్రతి చప్పుడుకీ వేలెడు జరుగుతున్నట్టే అనిపించింది. బాల్కనీలో ఎవరో ఆడమనిషి "అయ్యో, అయ్యో" అంటోంది. నేను వంగి రెండు చేతులతో స్టీరింగు కింది అంచు పట్టుకుని, నడుము సీటుకి అదిమి, ఒంట్లో ఉన్న బరువంతా ఆ ఒక్క మడమ మీద వేశాను.

పెడల్ నేలకి తగిలింది.

బండి కదిలింది. నిజంగా కదిలింది. అదే క్షణంలో మామయ్య "అబ్బా!" అన్నాడు, చిటికె "వచ్చింది! లాగేశా! లాగేశా బావా!" అన్నాడు.

"ఇద్దరూ నాకు కనపడండి! కుడి అద్దంలోకి రండి!"

నమ్మలేదు నేను. వాడి గొంతు నమ్మే రోజులు పోయాయి. బండి దిగుతూనే ఉంది. కాలెత్తి మళ్ళీ తొక్కాను, కాస్త పట్టింది. అద్దంలోకి ముందు వాచ్‌మన్ వచ్చాడు, తర్వాత చిటికె, వాడి భుజం పట్టుకుని మామయ్య. ముగ్గురు. లెక్క సరిపోయింది. అప్పుడు మొదటి గేరు వేసి బండిని పైకి లాగి, రోడ్డు మీద సమంగా ఉన్న చోట ఆపాను. దిగబోతే కుడికాలు నిలబడలేదు. టైరు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను.

పైపు తెగి చెయ్యి వచ్చింది గానీ, చుట్లు బిగిసి మామయ్య మణికట్టు ఎముక బీటలు వారింది. ఆరు వారాలు కట్టు అన్నారు. ఆసుపత్రిలో బల్ల మీద కూర్చోబెట్టి కట్టు కడుతుంటే మామయ్య అందరికీ వినపడేలా చెప్పాడు. "మా వాడు రా, రా అని పిలవబట్టి చెయ్యి కాస్త వెనక్కి తీసుకున్నా. లేకపోతే మోచెయ్యి దాకా పోయేది."

చిటికె కాదనలేదు. పైగా "ఏం చెయ్యను, బావకి వెనక చూసుకునే అలవాటు లేదు" అన్నాడు.

మా ఆవిడ వచ్చింది. తండ్రిని చూసి ఏడ్చి, నన్ను వరండాలోకి పిలిచింది.

"నాన్నని మీరు చూశారా?"

"లేదు."

"మరి బండి ఎందుకు ఆపారు?"

ఏం చెప్పను? జాగ్రత్తకి ఆపలేదే. నీ తమ్ముడు నన్ను నలుగురిలో రా అన్నాడని ఒళ్ళు మండి ఆపానే, వాణ్ణి కొట్టడానికి ఆపానే అని ఎలా చెప్పను? వాడు ఎప్పటిలా రానివ్వండి అని ఉంటే, లేదా మామూలు బండి వాళ్ళలా రోజూ రా అనేవాడై ఉంటే, నేను ఆ వాలులో దిగుతూనే ఉండేవాణ్ణి. మామయ్యని కాపాడింది నా పౌరుషం. బండిని ఆపాల్సింది అది కాదు. ఆమె నా మౌనాన్ని తప్పు ఒప్పుకోవడమే అనుకుంది. సగం నిజమే.

ఆ సాయంత్రం బండిని మెకానిక్ దగ్గరికి ఇంకో లారీతో లాగించుకుని వెళ్ళాను, నడిపి కాదు. చిటికె ఫోను చేశాడు. "బావా, రేపు నాలుగు ట్రిప్పులున్నాయి. కట్టు నాన్నకి కట్టారు, బండికి కాదు."

"బ్రేకులు పూర్తయ్యే దాకా బండి కదలదు."

"డబ్బు ఎవరిస్తారు?"

"నేనిస్తాను."

మెకానిక్ హ్యాండ్ బ్రేకు లోపలి పట్టీ తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎండిన ఆకులా ఉంది. "దీంతో ఎన్నాళ్ళు తిప్పారు?" అన్నాడు. మూడు నెలలు అని చెప్పలేక "కొన్నాళ్ళు" అన్నాను. హ్యాండ్ బ్రేకు, కాలి బ్రేకు, రెండు అద్దాలు, నాలుగు దిమ్మెలు, అన్నీ కొత్తవి వేయించాను. నాలుగు రోజులు పట్టింది.

బండి వచ్చిన రోజు చిటికెకి చెప్పాను. "ఇక మీదట ఎక్కే ముందు నేను చుట్టూ నడుస్తాను. వెనక నిలబడే వాడు నాకు కనపడే చోటే నిలబడాలి, చేతిలో ఫోను ఉండకూడదు. నోటితో పిలవడం బంద్. రెండుసార్లు బండి మీద చరిస్తే రావడం, ఒకసారి చరిస్తే ఆగడం. నువ్వు కనపడకపోతే నేను కదలను."

"ఇది నీళ్ళ బండా, విమానమా బావా?" అని నవ్వాడు. "ఇలా నడిపితే రోజుకి మూడు ట్రిప్పులు కూడా పడవు."

"పడకపోతే పోనీ."

వారం తిరక్కుండా ఇంకో డ్రైవర్ని పెట్టాడు. కుర్రవాడు, తొందరగా నడుపుతాడట. బండి కాగితాలు చిటికె పేరు మీద ఉన్నాయి. కొన్న రోజున "చిటికెలో మీ పేరు కూడా ఎక్కిస్తా బావా" అన్నాడు, నేను నమ్మాను. వాటా అడిగితే "నాన్న చెయ్యి విరగ్గొట్టి వాటా అడుగుతున్నారా?" అన్నాడు. మామయ్య ఆ మాట వినపడనట్టు గోడ వైపు తిరిగాడు. ఆ రోజు మాత్రం ఆయనకి బాగానే వినపడిందని నాకు తెలుసు.

ఆ బండి ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతోంది. వాలులో పెట్టి వదిలినా అంగుళం జారదు. ఆ బ్రేకులకి నేను కట్టింది ముప్పై ఎనిమిది వేల ఆరు వందల యాభై. బండిలో నా వాటా నాలుగు లక్షల పది వేలు. ఆ అర నిమిషానికి, మొత్తం నాలుగు లక్షల నలభై ఎనిమిది వేల ఆరు వందల యాభై.